రాత్రికి రాత్రే వాచిన పెదవి

బీపీ బిళ్ళకీ బ్రెజిల్ పాముకీ ఉన్న చుట్టరికం, దానివల్ల కొందరికి నాలుక మీదికి వచ్చే ప్రమాదం

డాలస్ పక్కన ఫ్రిస్కోలో తెల్లవారుజాము నాలుగున్నర. భీమవరం నుంచి కొడుకు దగ్గరికి ఆర్నెల్లకని వచ్చిన అరవై ఆరేళ్ళావిడ మొహం కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నారు. కింది పెదవి ఎడమవైపు ఉబ్బి ఉంది. కందిరీగ కుట్టినట్టే ఉంది గానీ మంట లేదు, దురద లేదు. ఒంటి మీద ఒక్క దద్దురు లేదు. అరగంటకి వాపు కుడివైపుకి కూడా పాకింది. ఇక లాభం లేదని కొడుకుని లేపారు.

"రాత్రి ఏం తిన్నావమ్మా?"

"కొత్తగా ఏం తింటానురా? మీరు తిన్నదే. రొయ్యల కూర, పెరుగన్నం."

"రొయ్యలు పడలేదేమో."

"భీమవరందాన్ని, నాకు రొయ్యలు పడకపోవడమేంట్రా!"

కోడలు మందుల డబ్బాలోంచి బెనడ్రిల్ తీసి, "ఇది వేసుకోండత్తయ్యా, గంటలో తగ్గిపోతుంది" అంది. గంట గడిచింది. తగ్గకపోగా నాలుక మందమెక్కింది. మాట, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వస్తోంది. డైనింగ్ టేబుల్ మీద, మంచినీళ్ళ సీసా పక్కన, సగం అయిపోయిన బీపీ బిళ్ళల షీటు ఉంది. నాలుగేళ్ళుగా రోజూ వేసుకుంటున్న బిళ్ళే. దానివైపు ఎవరూ చూడలేదు.

ఈ ఇల్లు, ఈ మనుషులు నా కల్పన. వాపు మాత్రం కల్పన కాదు. సరిగ్గా ఇలాగే మొదలయ్యే కేసులు అమెరికాలో ఏ పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ డాక్టర్‌ని అడిగినా చెబుతారు. దీని పేరు యాంజియోఎడీమా. చర్మం పైపొరలో కాకుండా లోపలి పొరల్లో నీరు చేరి వచ్చే వాపు ఇది. దీనికి కారణమయ్యే మందుల్లో ముందు వరసలో ఉన్నది అమెరికన్లు అత్యధికంగా వాడే మందుల్లో ఒకటైన లిసినోప్రిల్, దాని తోబుట్టువులు. వైద్యులు వీటిని ఏసీఈ ఇన్హిబిటర్లు అంటారు. మనం 'ప్రిల్' మందులు అనుకుందాం. ఎనలాప్రిల్, రామిప్రిల్, పెరిండోప్రిల్, అన్నిటి తోకా అదే.

"పడలేదు" అనే మాటతో వచ్చిన చిక్కు

మనకి ఒంటికి ఏది తేడా చేసినా ఒకటే మాట: పడలేదు. వంకాయ పడలేదు, నీళ్ళు పడలేదు, మందు పడలేదు. మాట సుళువుగా ఉంది గానీ దీని కింద రెండు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. ఒకటి అసలైన ఎలర్జీ. ఒంట్లోని రక్షణ వ్యవస్థ రొయ్యనో పెన్సిలిన్‌నో శత్రువుగా పొరబడి, కొన్ని కణాల్లో దాచుకున్న హిస్టమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారి విడుదల చేస్తుంది. అందుకే దురద, దద్దుర్లు, ముక్కు కారడం. సెట్రిజిన్, బెనడ్రిల్ లాంటివి ఆ హిస్టమిన్‌కే అడ్డుపడతాయి. ప్రాణం మీదికొస్తే ఎడ్రినలిన్ సూది పనిచేస్తుంది.

రెండోదాంట్లో హిస్టమిన్ ఊసే లేదు. అక్కడ కథానాయకుడు బ్రాడికైనిన్. రక్తంలో పుట్టే బుల్లి ప్రోటీన్ ముక్క, తొమ్మిది అమైనో ఆమ్లాల దండ. అది సన్నటి రక్తనాళాల గోడల్ని కాస్త వదులు చేస్తుంది, సందుల్లోంచి నీరు బయటికి ఊరేట్టు చేస్తుంది. ఒంట్లో దెబ్బ తగిలిన చోట అది అవసరమే. అయితే కొన్ని సెకన్లే అవసరం. పని కాగానే దాన్ని తుంచిపారేయడానికి ఎంజైములు కాచుకుని ఉంటాయి. తుంచేవాళ్ళు రాకపోతే నీరు ఊరుతూనే ఉంటుంది. పెదవి, నాలుక, కనురెప్ప, కొండనాలుక దగ్గరి మెత్తటి కండ, ఇవన్నీ వదులుగా అల్లిన చోట్లు. అందుకే అక్కడ నీరు చేరితే ఇట్టే ఉబ్బుతాయి. దురద పుట్టించే హిస్టమిన్ లేదు కాబట్టి దురదా లేదు. బెనడ్రిల్ వేసినా తగ్గనిదీ అందుకే. తాళం ఒకటి, చెవి ఇంకొకటి.

వాచ్‌మన్‌కి రెండు డ్యూటీలు

హైదరాబాదులో ఓ అపార్ట్‌మెంట్‌ని తలుచుకోండి. వాచ్‌మన్‌కి రెండు పనులు. పొద్దునా సాయంత్రం మోటారు వేసి కుళాయిల్లో ఒత్తిడి ఉండేట్టు చూడాలి. పిల్లలు ఆడుకుని, పనివాళ్ళు కడుక్కుని వదిలేసిన కుళాయిల్ని తిరిగి కట్టెయ్యాలి.

ఒంట్లో ఏసీఈ అనే ఎంజైము అచ్చంగా ఈ వాచ్‌మనే. ఒక చేత్తో యాంజియోటెన్సిన్ అనే పదార్థాన్ని దాని బలమైన రూపంలోకి మారుస్తుంది. అది రక్తనాళాల్ని బిగిస్తుంది, బీపీ పెంచుతుంది. అంటే మోటారు వేయడం. ఇంకో చేత్తో బ్రాడికైనిన్‌ని తుంచిపారేస్తుంది. అంటే వదిలేసిన కుళాయిలు కట్టెయ్యడం.

మోటారు మరీ ఎక్కువసేపు నడుస్తోంది, పైపులు పగిలేట్టున్నాయి. ఏం చేస్తారు? వాచ్‌మన్‌కి సెలవిచ్చి పంపేస్తారు. ప్రిల్ మందు చేసే పని అదే. ఒత్తిడి తగ్గుతుంది, గుండెకీ కిడ్నీలకీ ఊపిరి పీల్చుకునే తీరిక దొరుకుతుంది. కానీ కుళాయిలు కట్టేవాడు కూడా లేడు.

అయినా చాలా ఇళ్ళలో వరదేమీ రాదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో రిటైరైన మాస్టారు ఉంటారు, ఎదురింటి పిన్నిగారు ఉంటారు. కుళాయి కారుతుంటే చూస్తూ ఊరుకోరు, వెళ్ళి కట్టేస్తారు. ఒంట్లోనూ అంతే. అమైనోపెప్టిడేజ్-పి, నెప్రిలైసిన్ లాంటి వేరే ఎంజైములు ఏసీఈ లేని లోటు పూడుస్తాయి. అందుకే ఈ మందు వేసుకునే వందమందిలో తొంభైతొమ్మిది మందికి పైగా ఏ వాపూ లేకుండా ఏళ్ళ తరబడి బతుకుతారు. పుట్టుకతోనే ఆ సాయం చేసే ఎంజైములు బలహీనంగా ఉన్నవాళ్ళకి చిక్కు. మామూలుగా వాళ్ళకీ తేడా తెలియదు, వాచ్‌మన్ ఉన్నంతకాలం. వాచ్‌మన్ సెలవులో ఉండి, మాస్టారు కూడా ఊరెళ్ళి, ఆ రోజే పిల్లలు నాలుగు కుళాయిలు తిప్పేసి పోతే సెల్లార్ నిండుతుంది. నాలుగేళ్ళుగా వేసుకుంటున్న బిళ్ళ ఇవాళ ఎందుకు వాపు తెచ్చిందన్న ప్రశ్నకి ఇందులో సగం జవాబుంది. దంతవైద్యుడి దగ్గర పన్ను పీకించుకోవడం, నోట్లో చిన్న గాయం లాంటివి కూడా ఒక్కోసారి ఆ కుళాయి తిప్పుతాయి.

 

పుట్టినప్పుడే పెట్టిన పేరు

ఈ వాపుని 'అనుకోని దుష్ఫలితం' అని రాస్తుంటారు. నాకా మాట నచ్చదు. ఈ మందు పూర్వీకుడికి పెట్టిన పేరు చూస్తే అందులో అనుకోనిదేమీ లేదు.

1948లో బ్రెజిల్‌లోని సావో పావ్‌లోలో మౌరీసియో రోషా ఇ సిల్వా, ఇద్దరు సహచరులతో కలిసి ఒక పాము విషాన్ని పరీక్షిస్తున్నారు. జరారాకా అనే విషసర్పం అది. మన రక్తపింజరకి దూరపు చుట్టం. ఆ విషం కలిపిన రక్తరసంలో కొత్త పదార్థమేదో పుట్టుకొచ్చింది. గినీపంది పేగు ముక్క మీద చుక్క వేస్తే పేగు మెల్లగా, తాపీగా ముడుచుకుంది. గ్రీకులో 'నెమ్మదైన కదలిక' అనే అర్థం వచ్చేట్టు దానికి బ్రాడికైనిన్ అని పేరు పెట్టారు.

ఆయన దగ్గర చదువుకున్న సెర్జియో ఫెరైరా 1965లో ఇంకో మెట్టెక్కాడు. అదే పాము విషంలో బ్రాడికైనిన్ బలాన్ని పెంచే పదార్థం ఒకటుందని కనిపెట్టాడు. 'బ్రాడికైనిన్‌ని బలపరిచే అంశం' అనే పేరుతోనే లోకానికి చెప్పాడు. బలపరచడమంటే దాన్ని తుంచే ఎంజైముని ఆపడం. ఫెరైరా ఆ విషసారాన్ని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకి పట్టుకెళ్ళాడు.

ఈలోగా అమెరికాలో వేరే దారిలో వేరేవాళ్ళు నడుస్తున్నారు. క్లీవ్‌లాండ్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో లెనార్డ్ స్కెగ్స్ 1956లోనే బీపీ పెంచే యాంజియోటెన్సిన్‌ని తయారుచేసే ఎంజైముని పట్టుకున్నాడు. హంగరీ నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడ్డ ఎర్విన్ ఎర్డోష్ బృందం బ్రాడికైనిన్‌ని తుంచే ఎంజైము వెంటపడింది. 1970లో ఆ బృందమే తేల్చింది: రెండూ ఒకటే. బీపీ పెంచేవాడూ, బ్రాడికైనిన్‌ని తుంచేవాడూ ఒకే వాచ్‌మన్.

అక్కడినుంచి కథ న్యూజెర్సీకి మారుతుంది. ప్రిన్స్‌టన్ దగ్గరి స్క్విబ్ కంపెనీ ప్రయోగశాలలో డేవిడ్ కష్మన్, మిగెల్ ఒండెట్టి ఈ ఎంజైముకి సరిపోయే మందు కోసం కూర్చున్నారు. పాము విషం నుంచి తీసినదాన్ని ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి. నోట్లో వేసుకునే బిళ్ళ కావాలి. ఎంజైము గుంట ఎలా ఉంటుందో ఊహించి, అందులో ఇమిడేట్టు అణువుని చెక్కారు. అదే క్యాప్టోప్రిల్. 1981లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఎనలాప్రిల్, లిసినోప్రిల్ ఆ తర్వాత వచ్చిన తమ్ముళ్ళు. కష్మన్, ఒండెట్టిలకి 1999లో లాస్కర్ పురస్కారం వచ్చింది. అది దక్కాల్సిన పనే. ఈ మందులు కాపాడిన గుండెలకి లెక్క లేదు.

కానీ వరస చూడండి. ముందు బ్రాడికైనిన్, తర్వాత దాన్ని బలపరిచే పదార్థం, దాన్నుంచి బీపీ బిళ్ళ. బ్రాడికైనిన్ పెరిగితే పెదవి వాచడం ఈ మందుకి పరాయి లక్షణం కాదు, పుట్టింటి పోలిక. కొందరిని నెలల తరబడి వేధించే పొడిదగ్గు కూడా ఆ పుట్టింటి నుంచి వచ్చిందే.

ఎంతమందికి, ఎవరికి

అమెరికాలో దీని మీద మంచి లెక్కలున్నాయి, ముఖ్యంగా మాజీ సైనికుల ఆరోగ్య వ్యవస్థ పుణ్యాన. ఆ రికార్డుల్లోంచి కొత్తగా ప్రిల్ మందు మొదలుపెట్టిన 1,95,192 మందిని ఏరి చూస్తే, 2008లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం, వెయ్యి మందిలో ఇద్దరికి ఈ వాపు వచ్చింది. సగానికి పైగా కేసులు మొదటి మూడు నెలల్లోనే. మిగతావి? ఏడాది దాటాక కూడా వస్తూనే ఉన్నాయి. 'ఇన్నాళ్ళూ ఏం కాలేదు కాబట్టి ఈ బిళ్ళ కాదులే' అనే ధీమాకి ఆధారం లేదన్నమాట.

నల్లజాతివారిలో ఇది దాదాపు నాలుగింతలు. ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే సుమారు సగం ఎక్కువ. పొగతాగేవాళ్ళకీ ముప్పు ఎక్కువే. వింతగా, షుగరున్నవాళ్ళకి కొంచెం తక్కువ.

ఇంకో పెద్ద ప్రయోగం ఆల్‌హ్యాట్. అమెరికా ప్రభుత్వ సంస్థ డబ్బుతో 42,418 మంది బీపీ రోగుల మీద నడిచి 2002లో ఫలితాలిచ్చింది. లిసినోప్రిల్ తీసుకున్న 9,054 మందిలో 38 మందికి వాపొచ్చింది, ఒకరు చనిపోయారు. అదే ప్రయోగంలో ఆమ్లోడిపిన్ తీసుకున్న దాదాపు అంతే మందిలో ముగ్గురికే.

వెయ్యికి ఇద్దరు, నలుగురు అంటే తక్కువే కదా అనిపిస్తుంది. ఒక మనిషి కోణంలో అవును, తక్కువే. ఈ భయంతో బీపీ బిళ్ళ మానేసేవాడికి పక్షవాతం వచ్చే ప్రమాదం అంతకంటే చాలా పెద్దది. కానీ అమెరికాలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి బీపీ ఉంది. కోట్లమంది మింగే బిళ్ళలో వెయ్యికి ఇద్దరంటే ఏ రాత్రి చూసినా ఏదో ఒక ఊళ్ళో ఎమర్జెన్సీ గదిలో ఒక వాచిన నాలుక ఉంటుంది.

మాస్టారిని కూడా పంపేస్తే

2000 ప్రాంతంలో ఒమాపట్రిలాట్ అనే మందు మీద గుండె వైద్యులు గంపెడాశ పెట్టుకున్నారు. ఏసీఈనీ, నెప్రిలైసిన్‌నీ ఒకే దెబ్బకి ఆపుతుంది. బీపీని ఎనలాప్రిల్ కంటే బాగా దించింది. తయారుచేసింది బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్, అంటే క్యాప్టోప్రిల్ పుట్టిన ఇల్లే, పేరు మారి. మన అపార్ట్‌మెంట్ భాషలో చెప్పాలంటే వాచ్‌మన్‌నీ మాస్టారినీ ఒకేసారి ఊరికి పంపించేశారు.

వాపు కేసులు కనపడటంతో, ఎంతమందికి వస్తుందో తేల్చడానికే ఆక్టేవ్ అనే భారీ ప్రయోగం పెట్టారు. 25,302 మంది. ఎనలాప్రిల్ తీసుకున్నవాళ్ళలో 0.68 శాతానికి వాపొస్తే, ఒమాపట్రిలాట్ వాళ్ళలో 2.17 శాతానికి వచ్చింది. నల్లజాతివారిలో అది 5.54 శాతం. అంటే పద్దెనిమిది మందిలో ఒకరికి. 2002 జులైలో ఎఫ్‌డీఏ సలహా సంఘం ఒప్పుకోలేదు, మందు బజారుకి రానేలేదు. మందుల చరిత్రలో ఇంత శుభ్రంగా కారణాన్ని రుజువు చేసిన ఓటమి నేను ఇంకోటి చదవలేదు. బ్రాడికైనిన్‌ని తుంచే దారులు ఎన్ని మూస్తే వాపు అంత పెరుగుతుందని అంకెల్లో కనపడింది.

ఆ పాఠం వృథా పోలేదు. 2015లో వచ్చిన ఎంట్రెస్టో అనే గుండె వైఫల్యపు మందులో నెప్రిలైసిన్‌ని ఆపే సాక్యుబిట్రిల్ ఉంది గానీ, దానికి జతగా ప్రిల్ కాకుండా వేరే కుటుంబానికి చెందిన వాల్సార్టాన్ కలిపారు. ప్రిల్ మందు నుంచి ఎంట్రెస్టోకి మారాలంటే మధ్యలో 36 గంటలు ఖాళీ ఉంచి తీరాలి. ముందు వాచ్‌మన్ తిరిగి డ్యూటీకి రావాలి, ఆ తర్వాతే మాస్టారిని పంపాలి.

షీటు వెనకాల చూడాల్సిన తోక

బ్రాండు పేర్లతో తేలదు. కార్డేస్ అని ఉంటే లోపల రామిప్రిల్, ఎన్వాస్ అంటే ఎనలాప్రిల్, లిస్ట్రిల్ అంటే లిసినోప్రిల్. షీటు వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చివర 'ప్రిల్' ఉందా చూడాలి. 'సార్టాన్' అని ముగిస్తే, అంటే టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివైతే, అది వేరే కుటుంబం. అవి వాచ్‌మన్‌ని ముట్టుకోవు, మోటారు పైపుకి వాల్వు పెడతాయి. రామిప్రిల్‌నీ టెల్మిసార్టాన్‌నీ పోల్చిన ఆన్‌టార్గెట్ ప్రయోగం 2008లో వెలువడింది. వాపు టెల్మిసార్టాన్ వాళ్ళలో వెయ్యికి ఒకరికి, రామిప్రిల్ వాళ్ళలో వెయ్యికి ముగ్గురికి కనపడింది. దగ్గులో తేడా ఇంకా ఎక్కువ.

అమెరికాలో ప్రిల్ మందుల సమాచార పత్రంలో నల్లగీతల పెట్టెలో ఉండే పెద్ద హెచ్చరిక గర్భిణుల గురించి. వాపు గురించిన హెచ్చరిక పెట్టె బయట, కింది పేరాల్లో ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చదవాలి.

కాళ్ళ వాపు ఇది కాదు

"నాకూ బీపీ బిళ్ళ వల్ల వాపొస్తుంది" అని చాలామంది చూపించేది పాదాలు. సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి, మేజోడు అచ్చు పడుతుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. అది ఎక్కువగా ఆమ్లోడిపిన్ పని. ఆ మందు రక్తం తెచ్చే సన్న నాళాల్ని వెడల్పు చేస్తుంది గానీ, తిరిగి తీసుకెళ్ళే సిరల్ని అంతగా చెయ్యదు. కాలవలోకి నీళ్ళు ఎక్కువ వదిలి, కింద మురుగుకాలవ మాత్రం పాతదే ఉంచినట్టు. చేను గట్టు తడుస్తుంది. చిరాకే గానీ ఊపిరికి ముప్పు లేదు. డాక్టరుకి చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. చెప్పకుండా ఊరుకుంటే ఒక్కోసారి ఆ వాపుకి మూత్రం ఎక్కువ పోయించే నీళ్ళమాత్ర, ఆ నీళ్ళమాత్ర వల్ల తగ్గిన పొటాషియానికి ఇంకో మాత్ర, అలా షీట్లు పేరుకుపోతాయి.

మెడకి పైన వచ్చే వాపు సంగతి వేరు.

ఎమర్జెన్సీ గదిలో

ఫ్రిస్కో ఇంటికి తిరిగొద్దాం. కొడుకు 911కి ఫోన్ చేశాడు. చేసింది మంచి పని. ఇలాంటప్పుడు కారెక్కించి అర్జెంట్ కేర్ క్లినిక్ వెతుక్కుంటూ తిరగడం ప్రమాదం. వాపు ఏ నిమిషంలో నాలుక మొదలుకి దిగుతుందో చెప్పలేం. దారిలో ఊపిరి ఆడకపోతే చెయ్యగలిగిన వాళ్ళు అంబులెన్సులోనే ఉంటారు.

ఆసుపత్రిలో డాక్టర్ మొదట చూసేది పెదవి ఎంత వాచిందని కాదు. గొంతు మారిందా, సొల్లు మింగగలుగుతున్నారా, వెల్లకిలా పడుకోగలుగుతున్నారా అని. పెదవి ఎంత వికారంగా వాచినా మనిషి చావడు. నాలుక, స్వరపేటిక వాస్తే గాలిదారి మూసుకుంటుంది. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి స్వరపేటిక దాకా చూస్తారు. అక్కడ వాపుంటే, ఇంకా ఊపిరి బాగానే ఆడుతున్నా సరే, ముందుగానే గాలిగొట్టం వేసేస్తారు. రోగికి మెలకువ ఉండగానే, ముక్కులోంచి. ఎందుకంటే నాలుక నోరంతా నిండాక నోట్లోంచి దారి దొరకదు. అప్పుడిక మెడ ముందు కోసి దారి చెయ్యాల్సిందే. అందుకే ఆ పరికరాలు మంచం పక్కనే సిద్ధంగా పెట్టుకుంటారు.

ఎడ్రినలిన్, స్టెరాయిడ్, హిస్టమిన్‌ని ఆపే సూది మామూలుగా ఇచ్చేస్తారు. మొదటి పది నిమిషాల్లో ఇది ఎలర్జీయో బ్రాడికైనినో తేల్చడం కష్టం, ఎలర్జీ అయితే ఆలస్యం చేయకూడదు. ఏదీ పనిచెయ్యకపోవడమే ఒక్కోసారి రోగనిర్ధారణ. సరిగ్గా ఆ సమయంలో ఎవరో ఒకరు మందుల జాబితా అడుగుతారు. ఇంటిదగ్గర టేబుల్ మీద మిగిలిపోయిన ఆ షీటుకి అప్పుడు విలువొస్తుంది.

బ్రాడికైనిన్‌నే ఆపే మందు లేదా? ఉంది. ఐకటిబాంట్. బ్రాడికైనిన్ వచ్చి అతుక్కునే చోటికి అడ్డంగా కూర్చుంటుంది. కుళాయి పిడి ఊడదీసి దాచేసినట్టు. పుట్టుకతో వచ్చే యాంజియోఎడీమా కోసం 2011లో అమెరికాలో అనుమతి పొందింది. ప్రిల్ వాపుకీ పనికొస్తుందా అని జర్మనీలో 27 మందితో, కొందరికి ఇది, కొందరికి మామూలు మందులు ఇచ్చి చూస్తే 27 గంటలు పట్టే వాపు 8 గంటల్లో తీసిందని 2015లో రాశారు. అందరూ సంబరపడ్డారు. రెండేళ్ళకి 121 మందితో ఇంకో ప్రయోగం వచ్చింది. అందులో తేడా ఏమీ కనపడలేదు. రోగి ఆసుపత్రికి చేరేసరికే నీరు బయటికి ఊరిపోయి ఉంటే, ఇక కుళాయి పిడి తీసి ఏం లాభమని కొందరి వాదన. కొందరు డాక్టర్లు ప్లాస్మా ఎక్కిస్తారు. అందులో దాత ఒంటి ఏసీఈ ఉంటుంది కాబట్టి అది బయటి నుంచి బదిలీ వాచ్‌మన్‌ని తెప్పించుకోవడమే. ఏది ఇచ్చినా ఇవ్వకపోయినా గాలిదారి కాపాడుకుంటూ వేచి ఉంటే, వాపు ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతటదే దిగుతుంది.

ఈ వాపు మొహం మీదే రావాలని లేదు. కొందరికి పేగు గోడలో వస్తుంది. తెరలుతెరలుగా కడుపునొప్పి, వాంతులు. అపెండిక్స్ అనుకుని కోసి చూస్తే పేగు ఉబ్బి ఉంటుంది, ఇంకేమీ ఉండదు.

బిళ్ళల జత

ఇది మనవాళ్ళకి బాగా తగిలే విషయం కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. షుగరుకి వాడే గ్లిప్టిన్లు డీపీపీ-4 అనే ఎంజైముని ఆపుతాయి. ఆ ఎంజైము కూడా ఇరుగుపొరుగు సాయంలో ఒక చెయ్యి వేస్తుంది. విల్డాగ్లిప్టిన్ ప్రయోగాల లెక్కల్ని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన నాన్సీ బ్రౌన్ బృందం 2009లో తిరగేస్తే, ప్రిల్ మందుతో కలిపి వాడినవాళ్ళలో వాపు ముప్పు సుమారు నాలుగున్నర రెట్లు కనపడింది. మొత్తం మీద కేసులు కొన్నే, అయినా తీరు స్పష్టం. విల్డాగ్లిప్టిన్ అమెరికాలో దొరకదు. మన దగ్గర 2019 చివర్లో పేటెంటు అయిపోయి ధర పడిపోయాక ఊరూరా దొరుకుతోంది. డాలస్ డాక్టర్ ఆ పేరు వినీ వినకపోయి ఉండొచ్చు. అమెరికా వెళ్ళే అమ్మానాన్నల సూట్‌కేసులో షుగరు బిళ్ళ, బీపీ బిళ్ళ పక్కపక్కనే ప్రయాణం చేస్తాయి.

పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో గడ్డ కరిగించడానికి ఇచ్చే ఆల్టిప్లేజ్ కూడా బ్రాడికైనిన్‌ని పెంచుతుంది. ప్రిల్ వాడేవాళ్ళకి ఆ సూది పడితే నాలుక మీద ఒక కన్ను వేసి ఉంచాలని నర్సులకి నేర్పుతారు. వాపు తరచు చచ్చుబడ్డ వైపే వస్తుంది.

ఆ గడిలో ఏం రాయాలి

వాపు దిగిపోయి ఇంటికొచ్చాక అసలు పొరపాటు జరిగే అవకాశం ఉంది. 'రొయ్యల వల్లేలే' అనుకుని, మర్నాడు పొద్దున అదే బిళ్ళ వేసుకోవడం. నాన్సీ బ్రౌనే 1997లో టెనెసీ రోగుల మీద చూపించారు: వాపొచ్చాక కూడా ప్రిల్ కొనసాగించినవాళ్ళలో అది మళ్ళీ వచ్చే రేటు, ఆపేసినవాళ్ళతో పోలిస్తే దాదాపు పదింతలు. మళ్ళీ వచ్చేది పెదవి దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. లిసినోప్రిల్‌కి వస్తే రామిప్రిల్‌కి మారడం కూడా పనికిరాదు. వాచ్‌మన్ ఎవరి ఉత్తరువు మీద సెలవు పెట్టినా సెలవు సెలవే. ఆపేసిన తర్వాత కూడా మొదటి నెలలో ఒకటి రెండుసార్లు చిన్నగా వాచొచ్చు. అంతమాత్రాన బిళ్ళ నిర్దోషి అని కాదు. బీపీకి వేరే మందు అదే రోజు డాక్టరు రాసివ్వాలి, ఖాళీ ఉంచకూడదు.

ఇక అమెరికా క్లినిక్కుల్లో అడుగుపెట్టగానే చేతికిచ్చే ఆ కాగితం. పేరు, పుట్టినతేదీ, ఇన్సూరెన్సు, ఆ తర్వాత ఒక గడి: "ఎలర్జీలు?" ఇంతసేపూ ఇది ఎలర్జీ కాదని చెప్పుకుంటూ వచ్చాం. శాస్త్రం లెక్కన ఆ గడి ఖాళీగా వదిలెయ్యాలి. కానీ డాక్టరు రాసిన మందుని కంప్యూటరు ఆపి ఎర్రగీత చూపించేది ఆ గడిలో రాసినదానికే, ఆ తర్వాత ఎక్కడ రాసినా ఎవరూ చదవరు. కాబట్టి భీమవరం ఆవిడ కొడుకు అమ్మ పక్కన కూర్చుని, పెన్ను క్లిప్‌బోర్డుకి కట్టి ఉన్న దారం లాగి, ఆ గడిలోనే పెద్దక్షరాలతో రాశాడు: లిసినోప్రిల్, నాలుక వాపు.

"రొయ్యలు కూడా రాశావా ఏంట్రా?" అన్నారావిడ పక్కనుంచి తొంగిచూస్తూ.